కింది మేకు

జూన్ 3, సోమవారం

కిటికీ చట్రాలు రెండు పూర్తయ్యాయి. గుమ్మం ఒకటి సగంలో ఉంది.

పశువుల డాక్టరు వచ్చాడు. మా కుక్క పొట్టు నోరు తెరిచి చూశాడు, కడుపు నొక్కి చూశాడు, వెనక కాళ్ళు వంచి చాపాడు. అది మొరగలేదు. ఎటో చూస్తూ ఊరుకుంది. ఈ వయసు కుక్కకి ఇంతకంటే ఏముంటుంది అన్నాడు. కాళ్ళ నొప్పులకి ఎండాకాలం మొదట్లో ఇచ్చిన మాత్రల గురించి అడిగాడు.

"రోజుకి ఒకటే వేస్తున్నారుగా?"

"ఒకటే."

"తిన్నాకే వేస్తున్నారా?"

"తింటే కదా. పాలు కూడా ముట్టడం లేదు. పొద్దున్నే కక్కుతోంది."

చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "ఇక ఇంజెక్షన్ గురించి ఆలోచించుకోండి మేస్త్రిగారూ. నిద్రపోయినట్టే ఉంటుంది దానికి."

ఎప్పుడు అన్నాను.

"అది నేను చెప్పను. మీరే చెప్పాలి. తింటోందా, దానంతట అది లేస్తోందా, పిలిస్తే వస్తోందా. ఈ మూడూ చూస్తూ ఉండండి. వీటిలో రెండు పోయాయనుకోండి, నాకు ఫోన్ చెయ్యండి."

ఒకటి పోయింది. లేస్తోంది. పిలిస్తే వస్తోంది, ఆలస్యంగా.

పని ఉన్నవాడికి వీటి గురించి కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు. గుమ్మాల కొలతలు రాసుకునే డైరీలోనే ఇదీ రాసిపెడితే తేల్చుకోవడం తేలిక. అంతకంటే ఏమీ లేదు.

జూన్ 4, మంగళవారం

తినలేదు. లేచింది. వచ్చింది.

జూన్ 5, బుధవారం

తినలేదు. లేచింది. వచ్చింది.

గుమ్మం పూర్తి.

జూన్ 6, గురువారం

మాత్ర వేయడం పెద్ద కుస్తీ. మొదట్లో అన్నం ముద్దలో పెట్టి ఇచ్చేవాణ్ణి. బుద్ధిగా మింగినట్టే ఉండేది. ఒకరోజు షెడ్డు ఊడుస్తుంటే రంపపు పొట్టులోంచి తెల్లగా నాలుగైదు మాత్రలు బయటపడ్డాయి. ముద్ద మింగి మాత్ర ఊసి, పైన పొట్టు కప్పేసింది దొంగ వెధవ. అప్పటినుంచి దాని నోరు తెరిచి, నాలుక మీద నుంచి వేలితో లోపలికి నెట్టి, గొంతు నిమిరి మింగిస్తున్నాను. మా ఆవిడకి చెప్పలేదు. చెబితే కుక్క కరిస్తే ఏం గతి అని సాయంత్రం దాకా సాగదీస్తుంది.

కరవదు. నన్ను కరవదు.

పొట్టు అనే పేరు నేను పెట్టిందే. షెడ్డు ఒకటిగా ఉన్న రోజుల్లో పొట్టు కుప్పలో దొరికింది. అదే రంగు. కదిలితే తప్ప కుక్కపిల్ల అని తెలియలేదు. తర్వాత షెడ్డు పంచుకున్నాం. ఆ రోజు వచ్చిన పెద్దమనుషులు అవతలివాడి మాటే మాట్లాడారు. కాలం మారింది, పెద్దవాడివి, నువ్వే సర్దుకుపోవాలి అన్నారు. కోత మిషను వాడికి, పనిబల్ల, చేతి పనిముట్లు నాకు. కుక్క సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నేను లేచి నా వైపు నడిచాను. అది నా వెనకే వచ్చింది. ఒక తల్లి కడుపున పుట్టినవాడు రాలేదు, కుక్క వచ్చింది.

మధ్యలో చెక్కల అడ్డుగోడ నేనే కట్టాను. నాలుగేళ్ళయింది.

జూన్ 8, శనివారం

తినలేదు. లేచింది. వచ్చింది.

మధ్యాహ్నం పూట కనిపించదు. కలప పేర్పు వెనక చల్లగా ఉంటుంది, అక్కడ పడుకుంటుంది. జంతువులు చివరి రోజుల్లో ఒంటరిగా ఉండాలనుకుంటాయని ఎవరో అన్నారు. నేను వెళ్ళి కదిలించను. సరిగ్గా ఆ వేళకే అవతల కోత మిషను ఆగుతుంది. నా చెవులకి విశ్రాంతి దొరికేది ఆ కాసేపే.

ఇంజెక్షన్ సంగతి ఆవిడతో అన్నాను.

"అప్పుడేనా?"

"తినడం లేదుగా."

"కొన్నాళ్ళు చూడండి. ఎవరినైనా ఓ మాట అడిగి..."

"ఎవరిని అడగాలి? కుక్క నాది."

గిన్నె తుడుస్తోంది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

"దాన్ని పెంచినవాడేగా మీ తమ్ముడు కూడా."

"వాడి పేరు ఎత్తొద్దని చెప్పాను."

"పేరెక్కడ ఎత్తాను? తమ్ముడన్నాను."

ఆవిడతో మాట్లాడి గెలిచినవాడు లేడు.

వాడి సంగతి రాయకూడదనుకున్నాను. కంపెనీ తలుపులు తెచ్చి అమ్ముతానన్నాడు, సరే అన్నాను. ఇల్లు కట్టుకుంటున్న టీచరమ్మ వచ్చి, నాకు చేత్తో చేసిన తలుపే కావాలి అంది. వాడు ఏమన్నాడు? "చేతిపనికి కాలం చెల్లిపోయిందండీ. అన్నయ్యకి చెప్పలేక ఊరుకుంటున్నాం." నేను పక్కనే బద్దకి చిత్రిక పడుతున్నాను. మిషను రొదలో వినపడదనుకున్నాడు. కాలం చెల్లితే చెల్లింది. చెప్పలేక అన్నాడే, అది. నాకు తెలియకుండా అందరూ ఎన్నాళ్ళ కిందటే అనేసుకున్నారన్నమాట.

జూన్ 10, సోమవారం

తినలేదు. పొద్దున లేవలేదు. నడుం కింద చెయ్యి వేసి లేపాను. తర్వాత తనే నడిచింది. దీన్ని లేచిందని రాయాలో లేదని రాయాలో తెలియలేదు.

నల్లగా విరేచనం. డాక్టరుకి ఫోన్ చేస్తే లోపల రక్తం పోతోంది అన్నాడు.

జూన్ 11, మంగళవారం

లేవలేదు. లేపాను.

షెడ్డు వెనక, నేల కాస్త పల్లంగా ఉన్నచోట గుంట తవ్వాను. పై మట్టి గట్టిగా ఉంది, మోకాలి లోతు దాటాక మెత్తబడింది. అది వచ్చి నేను తవ్వుతుంటే చూసింది. మట్టి వాసన చూసి వెళ్ళిపోయింది.

జూన్ 12, బుధవారం

డాక్టరుకి ఫోన్ చేశాను. శనివారం పొద్దున వస్తానన్నాడు. ఆవిడకి చెప్పాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

నాకేం లేదు. సమయం వచ్చింది, అంతే.

జూన్ 13, గురువారం

మధ్యాహ్నం దానికి ఒళ్ళు తుడుద్దామని తడిగుడ్డ తీసుకుని కలప వెనక్కి వెళ్ళాను. అక్కడ లేదు.

అడ్డుగోడ చివరి పలకకి కింది మేకు లేదు. పలక పై మేకు మీద వేలాడుతోంది. చేత్తో తోస్తే పక్కకి జరిగింది. మేకులు కొట్టింది నేను, వాటి తలలు నా వైపు ఉంటాయి. అంటే ఊడదీసింది కూడా ఇటు నుంచే. మేకులు పీకే నా సుత్తితోనే.

పలక అంచు చూశాను. నేను వేసినప్పుడు రంపం కోసిన గరుకు అలాగే వదిలేశాను, అడ్డుగోడకి నునుపు దేనికని. ఇప్పుడు కింద నుంచి కుక్క వీపు ఎత్తు వరకు నున్నగా ఉంది. మూల గుండ్రంగా తీసి, చిత్రిక పట్టి ఉంది. చెక్కలోని జీర గీతలకి అడ్డంపడకుండా, ఓపిగ్గా, ఎడమచేతి వాటంతో. ఆ చెయ్యి నాకు తెలుసు. దానికి చిత్రిక పట్టడం నేర్పింది నేనే.

చీలికల్లో వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. కొన్ని తెల్లవి. కొన్ని పాత రంగువి. పొట్టు ఒళ్ళు నెరిసి ఎంతకాలమైందని. నిన్నామొన్నటి సంగతి కాదు ఇది.

మోకాళ్ళ మీద కూర్చుని పలక జరిపి చూశాను. ఆగిన మిషను పక్కన, బోర్లించిన పెట్టె మీద వాడు కూర్చున్నాడు. కుక్క గడ్డం వాడి పాదం మీద ఉంది. ఉడికించిన గుడ్డుని గోరంత గోరంత ముక్కలు తుంచి పెడుతున్నాడు. అది తింటోంది. నమిలి మరీ తింటోంది. పొట్టులో తోక కదులుతోంది.

పిలవలేదు. పిలిస్తే రాదేమో అని కాదు. పని ఉంది, వచ్చేశాను.

సాయంత్రం ఆవిణ్ణి అడిగాను.

"మేకు ఎప్పుడు తీశావు?"

ఏ మేకు అని అడగలేదు ఆవిడ.

"మీరు అడ్డం కట్టిన నెలకి. రోజూ అక్కడ కూర్చుని గీరుతూ ఉండేది. మీరు తలుపులు బిగించడానికి బయటికి వెళ్ళినప్పుడు తీశాను."

"నాలుగేళ్ళు."

"ముందే చెబితే ఏం చేసేవారు?"

"ఇంకో మేకు కొట్టేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

"అంచు?"

"వెళ్ళేటప్పుడు ఒకసారి వీపు గీసుకుపోయింది. మీ మరదలు చూసి ఆయనకి చెప్పింది."

అందరూ. మేకు ఒకరు, అంచు ఒకరు, గుడ్డు ఉడికించేది ఒకరు. నేనొక్కణ్ణే ఏ పనీ చేయలేదు అందులో. ఆ రోజు నా వెనక వచ్చింది అదొక్కటే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఆ రోజు మీ జేబులో బిస్కెట్లున్నాయి" అంది. "పెద్దమనుషులతో పాటు మీకూ పెడితే కోపంలో తినకుండా జేబులో వేసుకున్నారు. చొక్కా ఉతుకుతుంటే పొడి రాలింది."

కోపంతో అనలేదు. మామూలుగా అంది. నాలుగేళ్ళుగా ఆవిడకి తెలుసు ఈ సంగతి. నేను ఎవరితోనైనా కుక్క నా వెనక వచ్చింది అని చెబుతున్నప్పుడల్లా పక్కన నిలబడి వింది.

జూన్ 14, శుక్రవారం

మేకులు కొట్టాను. రెండు.

తినలేదు. లేచింది, పలక దగ్గరికి వెళ్ళడానికి. పిలిచాను. రాలేదు.

మాత్ర మింగించాను.

మధ్యాహ్నం అవతల మిషను ఆగింది. చాలాసేపు మళ్ళీ మొదలవలేదు.

జూన్ 15, శనివారం

డాక్టరు పెట్టె తెరిచి సూది బయటికి తీశాక అడిగాడు.

"మూడింటిలో రెండు పోయాయన్నమాట."

"నా దగ్గర తినడం లేదు" అన్నాను.

"మీ దగ్గర అంటే?"

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. నేను నోరు తెరవకముందే చెప్పింది. "అవతల తింటుందండీ. మా మరిది పెడితే తింటుంది. కాస్త గుడ్డు, ఆ గుడ్డులోనే మాత్ర."

"మాత్రా?" అన్నాం ఇద్దరం.

"ఇక్కడ ఊసేస్తోంది కదా. పొట్టులో నేనే చూశాను. అందుకని మందుల షాపులో ఇంకో అట్ట కొని వాళ్ళకి ఇచ్చాను. అక్కడ చక్కగా మింగుతోంది."

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీరు వేసేది ఊసేస్తోందా?"

"మొదట్లో. ఇప్పుడు మింగిస్తున్నాను. గొంతులోకి తోసి."

"ఎప్పటి నుంచి?"

ఆవిడ నా ముఖం చూసింది. నేను సూది వైపు చూశాను. నెల పైనే అన్నాను.

డాక్టరు సూదికి మూత పెట్టేశాడు. చదువుకున్న కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు, తిట్టడానికి మాట దొరకలేదనుకుంటాను.

"ఒక కుక్క, రెండిళ్ళ మందు. కడుపులో పుండ్లు పడ్డాయి. ఈ కక్కడం, తిండి మానడం, నల్లగా పోవడం, ఇదంతా నేను వయసనుకున్నాను. నాకెవరూ చెప్పలేదు."

"ఇక్కడ తినకపోవడం?" అన్నాను.

"రోజూ నోట్లో వేళ్ళు పెట్టి చేదు తోసే చెయ్యి అన్నం పెడితే ఏ జంతువైనా తింటుందా మేస్త్రిగారూ?"

రక్తం తీసుకున్నాడు. మాత్రలు ఆపేయమన్నాడు. కడుపుకి ఏదో నీళ్ళమందు రాసిచ్చాడు. కొన్నాళ్ళు చూద్దాం అన్నాడు.

ఆవిడ నాకు చెప్పలేదు. నేను ఆవిడకి చెప్పలేదు. వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. కానీ ముందు చెప్పకుండా ఉన్నది వాళ్ళే. నేను ఒక్క నెల సంగతే చెప్పలేదు.

జూన్ 17, సోమవారం

కక్కలేదు. నీళ్ళు తాగింది. గిన్నె నేల మీద పెట్టి నేను దూరంగా వెళ్ళాక తాగింది.

రక్తం పరీక్ష వచ్చింది. మూత్రపిండాలు సగానికి పైగా పోయాయట. వయసు వల్లా, మాత్రల వల్లా అని డాక్టరుని అడిగాను. రెండూ అన్నాడు. ఏది ఎంత అంటే, అది తేల్చే పరీక్ష లేదు అన్నాడు.

జూన్ 18, మంగళవారం

లేచింది. కాస్త నడిచింది.

నా మాత్ర డాక్టరు ఇచ్చింది. వాళ్ళ మాత్ర ఎవరూ ఇవ్వమననిది. తేడా ఉంది. వాళ్ళు వేయకపోతే ఇంత వచ్చేది కాదు. పరగడుపున వేసింది నేనే, నిజమే, కానీ అది పరగడుపో కాదో నాకేం తెలుసు, మధ్యాహ్నం అక్కడ తిని వస్తోందని తెలిస్తే కదా.

జూన్ 19, బుధవారం

మరదలు వచ్చింది. వీధి గుమ్మంలోంచి వచ్చింది. అడ్డం కట్టాక ఈ గడప తొక్కడం ఇదే మొదలు. చేతిలో గిన్నె, మీద పళ్ళెం బోర్లించి ఉంది.

"బావగారూ, ఒక్కసారి దాన్ని చూసి వెళ్ళిపోతాను."

"ఏం, ఇంకో మాత్ర మిగిలిందా?"

ముఖం మాడ్చుకుని పోతుందనుకున్నాను. పోలేదు.

"అక్క చెప్పిందని వేశాం. మీరూ వేస్తున్నారని మాకెవరు చెప్పారు?"

"నా కుక్కకి మీరు మందు వేయడమేమిటి?"

"నొప్పితో మా గుమ్మంలో మూలిగేది. చూస్తూ కూర్చోమంటారా?"

"నీ మొగుణ్ణి రమ్మను. వాణ్ణి వచ్చి మాట్లాడమను."

"ఆయన రారు. మీరు పిలవరు. ఈ రెండిళ్ళ మధ్య రాకపోకలున్నది దానికొక్కదానికే. ఇప్పుడు దానికీ మేకులు కొట్టారు."

గిన్నె గడప పక్కన పెట్టి, కుక్క తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది. గిన్నెలో గుడ్డు, గోరంత ముక్కలు. ఒకటి తీసి దాని మూతి దగ్గర పెట్టాను. వాసన చూసింది. నా వేళ్ళు చూసింది. పళ్ళు బిగించి ముఖం తిప్పుకుంది.

తర్వాత మా ఆవిడ పెట్టింది. ఒక ముక్క తింది.

జూన్ 20, గురువారం

తినలేదు. లేవలేదు. కళ్ళు తెరిచి ఉన్నాయి.

జూన్ 21, శుక్రవారం

తినలేదు. లేవలేదు. పిలిస్తే చెవి కదిపింది. పడుకున్నచోటే తడిపేసుకుంది. కింద పొట్టు రెండుసార్లు మార్చాను.

"ఏమండీ, డాక్టరుకి ఫోన్ చెయ్యండి" అంది ఆవిడ.

"ఇంకో చోట పరీక్ష చేయిద్దాం. ఎవరి మాత్ర వల్ల..."

"ఎవరి తప్పో తేలేదాకా దాన్ని ఇలా ఉంచుతారా?"

నేను కుక్క కింద పొట్టు సర్దాను.

"మేకు తీసింది నేను. మాత్రలు కొన్నది నేను. తప్పు నాదని రాసుకోండి, రోజూ ఏదో రాసుకుంటున్నారుగా. తేలిపోయింది. ఇక ఫోన్ చెయ్యండి."

రాశాను. రాసినా తేలలేదు.

ఫోన్ చేశాను. సోమవారం వస్తానన్నాడు.

జూన్ 22, శనివారం

కుక్క పలక వైపే చూస్తూ పడుకుంది. మధ్యాహ్నం మిషను ఆగగానే ముందు కాళ్ళతో నేలని లాగింది. వెనక భాగం రాలేదు. ఎత్తుకుని పలక దగ్గర పడుకోబెట్టాను. కింది మేకులు రెండూ పీకి పలక పక్కకి జరిపాను.

అటు నుంచి చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి, చూపుడువేలికి చివర లేదు. మిషను కొత్తలో తెగింది. ఆ రోజు రక్తం కారుతుంటే చొక్కా చుట్టి ఆస్పత్రికి మోసుకెళ్ళాను. చెయ్యి కుక్క చెవి వెతుక్కుని, వెనక గోకడం మొదలుపెట్టింది. ముఖం కనిపించలేదు. నేను ఇవతల పొట్టులో కూర్చున్నాను.

"అన్నయ్యా."

నేను కుక్క వెనక కాళ్ళు సర్దాను.

"లేవడం లేదా?"

"లేదు."

"నిన్నటి నుంచా?"

"మొన్నటి నుంచి. సోమవారం డాక్టరు వస్తాడు."

చెయ్యి ఆగింది. మళ్ళీ గోకింది.

"ఎన్నింటికి?"

"పదింటికి."

"ఎక్కడ పెడదాం?"

"ఇటే. గుంట తవ్వాను."

"నేనూ తవ్వాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"పోయిన నెలలో. కక్కడం మొదలుపెట్టినప్పుడు."

నాకంటే ముందే. నేనింకా మూడు సంగతులు చూస్తూ రాసుకుంటున్నానే, దానికంటే ముందే.

"ఇటు ఉండగా పోతే నా దగ్గరే ఉంటుంది" అన్నాను. "అటు ఉండగా పోతే?"

"ఇక్కడ పెడదామనుకున్నా."

"నాకు చెప్పకుండా."

"చెప్పలేక."

అదే మాట. టీచరమ్మ ముందు అన్న మాటే. నాలుగేళ్ళ తర్వాత నోరు తెరిస్తే వాడి దగ్గర నా కోసం ఉన్నది ఆ ఒక్క మాటే.

"అటే పోయి ఉంటే, అది ఎటో తప్పిపోయిందని నేను వీధులన్నీ తిరుగుతుంటే చూస్తూ ఉండేవాడివి."

కాదనలేదు. కాదంటే నమ్మేవాణ్ణి కాదు, అయినా అంటాడేమో అని చూశాను.

"నీదే కదా అన్నయ్యా. నీ వైపే పెట్టు" అన్నాడు.

పోట్లాడి ఉంటే బాగుండేది.

మిషను మొదలయ్యే వేళ దాటిపోయింది. కుక్క వాడి అరచేతిని నాకింది. ఉప్పు కోసం అయి ఉంటుంది.

జూన్ 23, ఆదివారం

పలక తెరిచే ఉంచాను. చెయ్యి నాలుగైదుసార్లు వచ్చింది. ఒకసారి మరదలిది.

నేను దాని ఒళ్ళు తుడిచాను. నా చెయ్యి వీపు మీద ఉన్నంతసేపు ఊరుకుంటుంది. మెడ దాటి ముందుకి వస్తే నోరు బిగిస్తుంది.

జూన్ 24, సోమవారం

తమ్ముడు వీధి గుమ్మంలోంచి వచ్చాడు. తలంతా నెరిసింది. చెప్పులు బయట విడిచాడు, ఇది వాడు పుట్టి పెరిగిన చోటు కానట్టు. ఆవిడ కూర్చోమంది. నిలబడ్డాడు.

పలక దగ్గరే, దుప్పటి మీద పడుకోబెట్టాం. డాక్టరు ముందు కాలి మీద బొచ్చు కత్తిరించాడు.

"ఎవరైనా తల పట్టుకోండి. తెలిసిన చెయ్యి ఉంటే బెదరదు."

ఇద్దరం వంగాం. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాకు దారి ఇచ్చాడు.

నా చెయ్యి ముందుకి వెళ్ళింది. కుక్క దాన్ని చూసింది. కళ్ళలో ఉన్న కాస్త ప్రాణంతోనూ పళ్ళు బిగించింది. మాత్ర అనుకుంది.

"నువ్వు పట్టుకో" అన్నాను తమ్ముడితో.

"అన్నయ్యా, నువ్వే..."

"పట్టుకో. నోరు వదులు చేస్తుంది."

వాడు తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను వెనక్కి జరిగి వెనక కాళ్ళు పట్టుకున్నాను. పట్టుకోవాల్సిన పని లేదు, అవి ఎలాగూ కదలవు. సూది వెళ్ళింది. వాడు చెవి వెనక గోకుతూనే ఉన్నాడు. కాళ్ళలో బరువు మారడం నాకు ముందు తెలిసింది. అయిపోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు.

నా వైపు గుంటలో పెట్టాం. అడుగున చిత్రిక పొట్టు వేశాను, మిషను పొట్టు కాదు. ఇద్దరం చెరోవైపు నిలబడి మట్టి లాగాం. వాడు ఎడమ నుంచి, నేను కుడి నుంచి. పెద్ద దుంగ కోసే రోజుల్లో రంపం చెరోవైపు పట్టుకునేవాళ్ళం, ఒకరికొకరం అడ్డం వచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడూ రాలేదు.

వాడు కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆవిడ రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. రెండోది కూడా నేనే తాగాను.

జూన్ 25, మంగళవారం

వాన. పొద్దుటి నుంచి పని సాగలేదు.

పలక జరిపి చూశాను. తెరిచి ఉన్న వెనక తలుపులోంచి, అవతల షెడ్డు వెనక వాడు తవ్విన గుంట కనిపించింది. నా దానికంటే లోతుగా ఉంది. అంచులు కూడా తీర్చి ఉన్నాయి. సగం నీళ్ళు నిండాయి.

కింది మేకు కొట్టేశాను. కుక్క లేనప్పుడు ఖాళీ దేనికి.

జూన్ 26, బుధవారం

గుమ్మం ఒకటి, ఏడడుగులు, మూడున్నర. కిటికీలు లేవు.

షెడ్డు తెరిచేసరికి మేకు నా పనిబల్ల మీద ఉంది. పీకి, వంకర తీసి, తల నా వైపు ఉండేలా పెట్టి ఉంది. మేకులు పీకే సుత్తి దాని చోట లేదు, పక్కనే ఉంది. దాచే ప్రయత్నం కూడా చేయలేదు ఈసారి.

ఆవిడ వంటింట్లో ఉంది. వెళ్ళి అడగలేదు. మేకుని పాత మేకుల డబ్బాలో వేశాను.

మధ్యాహ్నం అవతల మిషను ఆగింది. నేనూ చిత్రిక కింద పెట్టాను. పొట్టులో కూర్చుని పలక వైపు చూశాను. గాలికి కాస్త కదిలింది.

అటు నుంచి ఎవరూ రాలేదు. ఇటు నుంచి కూడా.